నిద్ర లేపే హక్కు ఎవరిది?



ఛందస్సు, వ్యాకరణం తప్ప మరో మాట రాయని ఈ మాస్టారు ఇవాళ కంప్యూటర్ నిద్ర గురించి మొదలుపెట్టాడేమిటని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. మీలో పలువురికి ఆ యంత్రాలే జీవనోపాధి. నేనేమో ముప్పైనాలుగేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సంధులు, సమాసాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. అయినా ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఏర్పడింది. చెప్పకుండా ఉండలేను.

కీబోర్డు మీద వేలు వేసినా, మౌస్ కదిపినా నిద్ర లేవని కంప్యూటర్‌ను మనమంతా చిన్న చిరాకుగానే చూస్తాం. వంగి, డబ్బా మీది బొత్తాం నొక్కి, పని సాగించుకుంటాం. నా దృష్టిలో అది, కొందరి విషయంలో, గది తలుపుకు బయటినుంచి గడియ పెట్టడమే. ఆ గడియ ఎక్కడ ఉందో కనబడకుండా నాలుగు చోట్ల దాచడం యంత్రాలను రూపొందించేవారి తప్పు. గడియ వెతకకుండా తలుపులే మార్చుకుంటూ పోవడం మన తప్పు.

ఇంత ఘాటుగా అనడానికి కారణం మా అన్నయ్య.

అన్నయ్యకు డెబ్బైనాలుగేళ్ళు. 2021లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట నిలిచింది. ఎడమ చెయ్యి నిలిచింది. జ్ఞాపకశక్తి మాత్రం మునుపటికంటె పదునెక్కిందనే నా అనుమానం. జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. మంచం పట్టిన తరువాత, చిన్నప్పటి వరి సాగులో వాడిన మాటలన్నీ ఒకచోట రాసిపెట్టాలనే పట్టుదల పుట్టింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, నా దగ్గర ఉంటే ఇచ్చాను. అందులో లేనివి, ఉన్నా మా ఊళ్ళో మరో అర్థంలో వాడినవి, అన్నయ్య ఒక్కొక్కటీ టైపు చేస్తాడు. ఇన్‌స్క్రిప్టు అలవాటైనవారికి తెలుసు, అచ్చులు ఎడమవైపు, హల్లులు కుడివైపు. ఒక్క ఎడమచేత్తో ప్రతి హల్లుకూ ఆ చివరికి వెళ్ళి రావాలి. నిమిషానికి ఐదారు మాటలు పడతాయి. అయినా సంవత్సరంన్నరలో పదకొండువందల పైచిలుకు మాటలు పూర్తిచేశాడు.

రైతు అలవాటు కనుక తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది. మంచానికి అడ్డంగా వేసిన చక్రాల బల్ల మీద కీబోర్డు, మౌస్, తెర ఉంటాయి. మనం సీపీయూ అని పిలుచుకునే డబ్బా మాత్రం కిటికీ పక్కన నేల మీద ఉంటుంది. ఎడమచెయ్యి చాచితే కీబోర్డు అందుతుంది. డబ్బా అందదు. కంప్యూటర్‌ను రాత్రి పూర్తిగా ఆర్పకుండా నిద్రపుచ్చితే, పొద్దున్నే ఏదో ఒక మీట నొక్కగానే లేస్తుందని నేనే ఏర్పాటు చేసి వచ్చాను. ఆ ఏర్పాటు కొన్నాళ్ళు నడిచింది. 2023 వేసవిలో కంప్యూటర్ మార్చాం. దసరాలకు వెళ్ళి, “మాటలు ఎంతవరకు వచ్చాయి అన్నయ్యా?” అని అడిగితే ముఖం తిప్పుకున్నాడు.

వదినగారు చెప్పారు. మూడు నెలలుగా తెల్లవారుజామున కంప్యూటర్ లేవడం లేదట. వదినగారికి మోకాళ్ళ నొప్పులు. రాత్రి రెండుసార్లు ఎలాగూ అన్నయ్యకోసం లేస్తారు. మూడోసారి ఆమెను లేపడం ఇష్టంలేక, అన్నయ్య నల్లటి తెర ఎదుట ఆరింటిదాకా కూర్చుంటున్నాడు. ఒకనాడు ఊతకర్ర కొనతో డబ్బా బొత్తాం నొక్కబోయాడట. కర్ర చివర బొత్తాం మీద తడబడుతూ అట్లాగే నిలిచిపోయింది. ఆ బొత్తాన్ని నాలుగు సెకన్లకు మించి నొక్కిపట్టితే యంత్రం ఉన్నదున్నట్టు ఆరిపోవాలన్నది నియమం. లేవబోతున్నది కాస్తా ఆరిపోయింది. మళ్ళీ వెలిగించినప్పుడు, ముందురాత్రి భద్రపరచకుండా వదిలిన రెండు పుటలు లేవు. “నా వల్ల వదినకు నిద్ర లేకపోయె, దానికి నిద్ర వదలకపోయె” అన్నాడు అన్నయ్య. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఈలోగా వైద్యం జరగకపోలేదు. బాగుచేసే దుకాణంనుంచి ఒక కుర్రవాడు వచ్చి, కీబోర్డు పోయిందని తేల్చి, 650 రూపాయలకు కొత్తది పెట్టాడు. అదీ లేపలేదు. రెండోసారి వచ్చి, తీగ ఉన్నవి ఇంతేనండీ అని 1,800 రూపాయలకు తీగలేని కీబోర్డు, మౌస్ జోడీ పెట్టాడు. అదీ లేపలేదు. మూడోసారి, మదర్‌బోర్డు మార్చాలన్నాడు. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. పరీక్షలో తప్పు రాసిన పిల్లవాణ్ణి కొట్టే ముందు ఆ పాఠం వాడికి ఎవరైనా చెప్పారా అని అడగాలి.

నాకు తెలిసిన శాస్త్రం ఒకటే, కనుక దానినుంచే మొదలుపెట్టాను. తెలుగులో “మేల్కొను” వేరు, “మేల్కొలుపు” వేరు. మొదటిది తనంత తాను చేసే పని. రెండోది ప్రేరణార్థకం. మేల్కొలుపుకు ఇద్దరు కావాలి, పిలిచేవాడొకడు, పిలుపు వినేవాడొకడు. మన మెకానిక్కులందరూ పిలిచేవాణ్ణి మాత్రమే పరీక్షిస్తున్నారు. వినేవాడు ఎవడు? కంప్యూటర్ నిద్రపోతే వినడానికి మెలకువగా ఉన్నది ఏది?

ఈ ప్రశ్న పట్టుకుని చదివితే తెలిసింది ఇది. డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు విద్యుత్తు ఇచ్చే డబ్బాలో, గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఆగకుండా పారే ఐదు వోల్టుల సన్నని ధార ఒకటి ఉంటుంది. ఊదారంగు తీగలో వస్తుంది. కంప్యూటర్ నిద్రించినప్పుడు ప్రాసెసర్, డిస్కు, ఫ్యాను అన్నీ ఆగిపోతాయి. ఆ సన్నని ధార మీద జ్ఞాపకం (ర్యామ్), మదర్‌బోర్డు మీది కొద్ది భాగం మాత్రం బతికి ఉంటాయి. మామూలుగా ఒక యూఎస్‌బీ పరికరం 500 మిల్లీ ఆంపియర్ల దాకా వాడుకోవచ్చు. నిద్రలో దానికి అనుమతి 2.5 మిల్లీ ఆంపియర్లే, అంటే రెండువందల వంతు. ఆ గుక్కెడు శక్తితోనే కీబోర్డు కాపలా కాస్తుంది. మీట నొక్కగానే తీగ మీద ఒక సంకేతం పంపుతుంది. దాన్ని విని మదర్‌బోర్డు తక్కినవారందరినీ లేపుతుంది.

అయితే కీబోర్డు తనంత తాను పిలవకూడదు. నిద్రపోబోయే ముందు కంప్యూటర్, “నువ్వు నన్ను లేపవచ్చు” అని దానికి అనుమతి ఇచ్చి పడుకోవాలి. ఇవ్వకపోతే కీబోర్డు నిక్షేపంగా ఉన్నా నోరెత్తదు. గుడిలో సుప్రభాతం పాడేవారు నియుక్తులై ఉన్నట్టే ఇదీను. గొంతు బాగున్నవారందరూ గర్భగుడి ముందు నిలబడి పాడరు.

కనుక కీబోర్డు మార్చే ముందు అడగవలసిన ప్రశ్నలు మూడు. అనుమతి ఇచ్చారా? కాపలాకు కూడు (అంటే విద్యుత్తు) అందుతున్నదా? ఇంతకూ యంత్రం పడుకున్నది ఏ నిద్ర?

ఈ మూడో ప్రశ్న దగ్గరే మా అన్నయ్య కంప్యూటర్ రహస్యం దాగి ఉంది. నేను ఒక రాత్రి అక్కడే పడుకున్నాను, పడుకోలేదనడం సబబు. శివరాత్రి తరువాత అంత జాగరణ చేయడం అదే. రాత్రి పదింటికి కంప్యూటర్‌ను నిద్రపుచ్చి ఐదు నిమిషాలాగి మీట నొక్కాను. వెంటనే లేచింది. అంటే కీబోర్డు దోషం లేదు. 2,450 రూపాయలూ వృథా. మళ్ళీ నిద్రపుచ్చి పదకొండున్నరకు నొక్కాను. లేచింది. మళ్ళీ నిద్రపుచ్చాను. ఈసారి రెండున్నరకు నొక్కినా లేచింది. చివరగా నిద్రపుచ్చి, ఇక ముట్టుకోకుండా చీకట్లో డబ్బా వైపే చూస్తూ కూర్చున్నాను. డబ్బా ముందరి చిన్న దీపం మినుకుమినుకుమంటూ ఉన్నది. ఐదున్నర దాటాక డబ్బాలో ఒక్క నిమిషం ఏదో గరగరలాడింది. దీపం పూర్తిగా ఆరిపోయింది. మీట నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కంప్యూటర్‌కు రెండు నిద్రలున్నాయి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 చివరలో ప్రకటించిన ఏసీపీఐ అనే ప్రమాణంలో ఈ అవస్థలకు సంఖ్యలున్నాయి. మామూలు నిద్ర ఎస్3. చేస్తున్న పని అంతా జ్ఞాపకంలోనే ఉంటుంది, సన్నని ధార దాన్ని కాపాడుతుంది. రెండోది ఎస్4, హైబర్నేషన్. జ్ఞాపకంలోనిదంతా డిస్కుమీదికి దింపి, యంత్రం దాదాపుగా ఆరిపోతుంది. మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయాలని నాలుగవస్థలు చెప్పింది. మొదటిది స్వప్నం, రెండోది సుషుప్తి అనుకుంటే నాబోటివారికి సుళువు. తురీయం సంగతి ఇంజనీర్లకు వదిలేద్దాం. మన పాత తెలుగు మాధ్యమం జీవశాస్త్రంలో కప్ప శీతాకాల సుప్తావస్థ అని పిల్లలు వల్లెవేసేవారు. ఆ ‘సుప్తావస్థ’ హైబర్నేషన్‌కు చక్కని మాట. కంప్యూటర్ తెలుగులో అది స్థిరపడితే బాగుండునని నా కోరిక.

విండోస్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, లోపలి అమరికల్లోకి వెళితే, నిద్ర కింద “ఇంతసేపటి తరువాత హైబర్నేట్” అనే పంక్తి ఉంటుంది. అన్నయ్య కంప్యూటర్‌లో అక్కడ 180 నిమిషాలు ఉన్నది. అంటే నిద్రపోయిన మూడు గంటలకు అది తనంతట తాను సుప్తావస్థలోకి జారిపోతుంది. నేను మధ్యమధ్య లేపినన్నాళ్ళూ లేచింది. అన్నయ్య రాత్రి పదింటికి నిద్రపుచ్చితే ఒంటిగంటకల్లా జారిపోయేది. మధ్యాహ్నం భోజనం చేసి గంట పడుకుని లేచేసరికి మాత్రం చక్కగా పలికేది. మధ్యాహ్నం పనిచేసి తెల్లవారుజామున పనిచేయని కీబోర్డు ఉండదు కదా! మెకానిక్కు ఎప్పుడూ పట్టపగలే వచ్చాడు.

మరి సుప్తావస్థలో కీబోర్డు ఎందుకు లేపలేదు? దానికి కూడు అందలేదు. మదర్‌బోర్డు సొంత అమరికల్లో (బయాస్ అంటారు, కంప్యూటర్ వెలిగే తొలి క్షణాల్లో డిలీట్ మీటో ఎఫ్2 మీటో నొక్కితే వస్తుంది) ఈఆర్‌పీ అనే మాట ఒకటి ఉన్నది. ఐరోపా సమాఖ్య పొదుపు నియమానికి సంబంధించిన అమరిక అది. ఆర్పివేసిన పరికరం ఒక వాటుకు మించి విద్యుత్తు తినకూడదని 2010నుంచి, అర వాటుకు మించకూడదని 2013నుంచి అక్కడ నియమం పెట్టారు. ఆ అమరిక పనిలో ఉంటే సుప్తావస్థలో, ఆర్పిన స్థితిలో యూఎస్‌బీకి వెళ్ళే సన్నని ధారను కూడా మదర్‌బోర్డు తెంపుతుంది. కాపలావాడికి భోజనం మాన్పించి, వాడు కాపలా కాయలేదని మనం వాణ్ణే తిడుతున్నాం.

మేము చేసినది ఇంతే. “ఇంతసేపటి తరువాత హైబర్నేట్” దగ్గర ఎప్పటికీ వద్దు అని పెట్టాం. హైబ్రిడ్ నిద్ర ఉంచాం. అందులో జ్ఞాపకాన్ని డిస్కుకు కూడా దింపి మామూలు నిద్రపోతుంది కనుక, మధ్యలో కరెంటు పోయినా రాసినది పోదు. బయాస్‌లో ఈఆర్‌పీ తీసేశాం. కరెంటు పోయి వస్తే తనంత తాను వెలిగే అమరిక అక్కడే ఉంటుంది, అది పెట్టాం. మా ప్రాంతంలో ఈ చివరిది లేకపోతే తక్కినవన్నీ ఉండీ లాభం లేదు. ఖర్చు సున్న. పట్టిన సమయం అరగంట, జాగరణ కాక.

ఇక్కడ కొందరు మిత్రులు పొదుపు మాట ఎత్తుతారు. ఎత్తవలసిందే. ఐరోపావారి నియమాన్ని నేను గౌరవిస్తాను. లక్షలాది యంత్రాలు వృథాగా తినే విద్యుత్తు చిన్నది కాదు. కాని లెక్క వేసి మాట్లాడుకుందాం. మామూలు నిద్రలో డెస్క్‌టాప్ మూడు వాట్లు తింటుందనుకోండి. రాత్రికి పది గంటలు, ఏడాదికి 365 రాత్రులు. పదకొండు యూనిట్లు కూడా కాదు. ఒక మనిషి తెల్లవారుజామున ఎవరినీ బతిమాలకుండా తన పని తాను మొదలుపెట్టుకోవడానికి ఏడాదికి పదకొండు యూనిట్లు. అసలు నిద్రే పుచ్చకుండా వదిలేయమని ఒకరు సలహా ఇచ్చారు. అరవై వాట్ల లెక్కన అది 219 యూనిట్లు, పైగా మంచం పక్కన రాత్రంతా ఫ్యాను మోత. పొదుపు చేయదలచినవారు లేపే దారిని మూయడంకంటె, నిద్రపుచ్చడం నమ్మకంగా పనిచేసేటట్టు చూస్తే ఎక్కువ మిగులుతుంది. లేవదన్న భయంతో నిద్రపుచ్చకుండా వదిలేసిన కంప్యూటర్లు నాకు తెలిసిన ఇళ్ళల్లోనే నాలుగున్నాయి.

అన్నయ్య గొడవ తీరింది గాని, తక్కిన రెండు ప్రశ్నలూ వదిలేస్తే మీకు అన్యాయం చేసినట్టవుతుంది.

అనుమతి సంగతి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, కీబోర్డు పేరు మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ అనే పుటలో చూడండి. ఈ పరికరం కంప్యూటర్‌ను లేపవచ్చు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం పక్కన టిక్కు ఉండాలి. ఒకే కీబోర్డు అక్కడ రెండు మూడు పేర్లతో కనబడుతుంది. అన్నిటికీ చూడండి. ఏయే పరికరాలకు అనుమతి ఉన్నదో ఒక్కసారిగా తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అనే ఆజ్ఞకు డివైస్‌క్వెరీ, వేక్ ఆర్మ్‌డ్ అనే మాటలు చేర్చి అడగాలి. కిందటిసారి లేపింది ఎవరో చెప్పమంటే లాస్ట్‌వేక్ చేర్చాలి. కంప్యూటర్‌కు ఏయే నిద్రలు వచ్చునో తెలియాలంటే ఒక్క ‘ఎ’ అక్షరం చాలు. ఉబుంటు వాడే మిత్రులకు సిస్ దస్త్రాల్లో యూఎస్‌బీ పరికరాల కింద, పవర్ అనే సంచిలో వేకప్ అనే దస్త్రం ఉంటుంది. అందులో ఎనేబుల్డ్ అని ఉన్నదా, డిసేబుల్డ్ అని ఉన్నదా చూస్తే చాలు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా ఇంట్లో కంప్యూటర్ అర్ధరాత్రి తనంత తాను లేచి గది వెలిగించేది. మా శ్రీమతి దయ్యమన్నది. వీధిలో లారీ వెళితే బల్ల అదిరి మౌస్ కదులుతున్నదని చాలా రోజులకు కనిపెట్టి, పండితుడి అహంకారంతో కనబడిన టిక్కులన్నీ తీసేశాను. మౌస్‌తో పాటు కీబోర్డుదీ పోయింది. మరుసటి వారం కీబోర్డు పాడైందని నేనే వాపోయాను. కుర్రవాడి మీద నాకు కోపం లేదన్నానే, దాని వెనుక ఉన్నది ఇదే. లారీలకు లేవకుండా ఉండాలంటే మౌస్ అనుమతి తీసేసి కీబోర్డుది ఉంచాలి. అన్నట్టు, నిద్రలో శక్తి మిగుల్చుకోవడానికి కంటిదీపం ఆర్పుకునే మౌసులు చాలా ఉన్నాయి. అవి జరిపితే లేపవు, నొక్కితే లేపుతాయి. అది రోగం కాదు, స్వభావం.

కూడు సంగతి. కీబోర్డును డబ్బాకు నేరుగా కాక హబ్బు ద్వారా తగిలిస్తే, పిలుపు ఆ హబ్బు దాటి రావాలి. మొదట హబ్బు తీసి చూడండి. కొన్ని మదర్‌బోర్డుల్లో నీలిరంగు రంధ్రంలో పెడితే లేవని యంత్రం, పక్కనున్న నల్లరంగు రంధ్రంలో పెడితే లేస్తుంది. రంధ్రం మార్చడానికి డబ్బులక్కరలేదు గనుక దుకాణాల్లో ఆ వైద్యం చెప్పరు. తీగలేని కీబోర్డుల్లో రెండు జాతులు. చిన్న బిళ్ళ ఒకటి యూఎస్‌బీకి తగిలించే జాతిలో కాపలా కాసేది ఆ బిళ్ళ. అది మామూలు యూఎస్‌బీ కీబోర్డులాగే ప్రవర్తిస్తుంది. బ్లూటూత్ జాతిలో మాత్రం కంప్యూటర్‌లోని బ్లూటూత్ రేడియో మెలకువగా ఉండాలి. చాలా డెస్క్‌టాపుల్లో అది అందరికంటె ముందే పడుకుంటుంది. అన్నయ్యవంటివారికి తీగ ఉన్న కీబోర్డే మేలని నేనంటాను. బ్యాటరీ బెంగ కూడా ఉండదు.

ల్యాప్‌టాపుల కథ వేరు. 2012లో విండోస్ 8తో మొదలై ఇప్పుడు చాలావాటిలో ఎస్3 అనే నిద్రే లేకుండా పోయింది. మోడర్న్ స్టాండ్‌బై అని, పూర్తిగా పడుకోకుండా కునికిపాట్లు పడే నిద్ర ఒకటి దాని స్థానంలో వచ్చింది. పాత సలహాలు అక్కడ పారవు. అక్కడ కూడా కొంతసేపటికి హైబర్నేషన్‌లోకి జారే అలవాటు ఉన్నది గనుక, ముందుగా ఆ గడువు ఎంతో చూడడం మంచిది.

ఇక నా అసలు ఫిర్యాదు. పై అమరికలన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో చూశారు కదా. నిద్ర గడువు ఒక చోట, అనుమతి ఇంకో చోట, విద్యుత్తు మదర్‌బోర్డు లోపల. ఆజ్ఞలతో గాని తెలియని సంగతులు మరో చోట. ఈ నాలుగింటికీ ఒకదానితో ఒకటి మాటల్లేవు. డివైస్ మేనేజర్‌లో టిక్కు కళకళలాడుతూనే ఉంటుంది, కింద బయాస్ కాపలావాడి భోజనం తెంపేసి ఉంటుంది. టిక్కు చూసినవాడు అనుమతి ఉన్నదనే నమ్ముతాడు. ఇది నా లెక్కలో అబద్ధం చెప్పడమే. నిద్రపోయే ముందు యంత్రం తెర మీద ఒక్క వాక్యం చూపవచ్చు. “మూడు గంటలదాకా కీబోర్డుతో లేపవచ్చు, ఆ తరువాత బొత్తాం నొక్కాలి” అని. దానికి తెలియని విషయమేమీ కాదు. ఆ వాక్యం చూసి ఉంటే మా అన్నయ్యకు మూడు నెలల తెల్లవారుజాములు మిగిలేవి.

బయాస్ సంగతి మరీ అన్యాయం. అక్కడ మౌస్ ఉన్నా లేకపోయినా, తెలుగు మాత్రం ఉండదు. ఈఆర్‌పీ అన్న మూడక్షరాలు చూసి, ఇది నా కీబోర్డు గొంతు నొక్కే అమరిక అని ఏ భాషలో చదువుకున్నవాడు మాత్రం గ్రహించగలడు? సమాసం చెప్పినప్పుడు విగ్రహవాక్యం చెప్పకపోతే మేము మార్కులు వేసేవాళ్ళం కాదు.

కీబోర్డుతో లేపడాన్ని తయారీదారులు సౌకర్యాల పట్టికలో వేశారు. నేలమీద డబ్బా దాకా వంగగలిగినవారికి అది సౌకర్యమే. వంగలేనివారు, ఒక్క చేతివారు, మంచానికి అంటుకుపోయినవారు, ఒక్క పెద్ద బొత్తాంతో కంప్యూటర్‌ను నడిపేవారు కూడా దాన్ని కొంటున్నారు. వారికి అది గుమ్మం. కొత్త కంప్యూటర్ ఇంటికి వచ్చినప్పుడు, పెట్టి వెళ్ళే కుర్రవాణ్ణి ఒక్క పని చేయమని అడగండి. రాత్రి నిద్రపుచ్చి పొద్దున్నే కీబోర్డుతో లేపి చూశాకనే మిగిలిన డబ్బు ఇస్తామనండి. ఐదు నిమిషాల పరీక్షతో ఒప్పుకోవద్దు. మా మూడు నెలలూ ఆ ఐదు నిమిషాల పరీక్షలోనే పోయాయి.

ఈ ఉదయం నాలుగూ ఇరవైకి నా ఫోన్‌కు అన్నయ్యనుంచి సందేశం వచ్చింది. కల్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గాలి పడిపోతే చేటతో విసిరి గాలి పుట్టించేవారు కదా, ఆ పనికి నాన్న ఒక మాట వాడేవాడు, నీకు గుర్తున్నదా అని. నాకు గుర్తు లేదు. మీ ప్రాంతాల్లో దానికేమంటారో చెప్పగలిగితే అన్నయ్యకు చేరవేస్తాను.